కడలికి వకాలతు

న్యాయవాదులకు విగ్రహములు నిలుపుట మన దేశమున లేకపోలేదు గాని, ఆ గౌరవము వారు న్యాయవాదులైనందుకు గాక, ఆ వృత్తిని విడిచిపెట్టినందుకు దక్కినది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మదరాసు హైకోర్టులో బారిష్టరుగా గడించుచుండిన ధనమును త్రోసిపుచ్చి స్వాతంత్ర్యోద్యమమున దుమికియుండనిచో, ఆయన విగ్రహము నేడు మన ఊళ్ళ కూడళ్ళలో వెలసియుండెడిది కాదు. హాలండు దేశమున డెల్ఫ్టు పట్టణపు అంగడి మైదానమున మాత్రము, ఇరువదియొకటవ యేట ఒక వర్తక సంఘమువారి వ్యాజ్యమును చేపట్టి, వారు పట్టుకొన్న ఓడ వారికే చెల్లునని వాదింపబూని, ఆ వాదమునుండియే సముద్రము ఎవ్వరి సొత్తును కాదను మహాసిద్ధాంతమును వెలికి తీసిన ఒక వకీలు కంచు విగ్రహమై నిలిచియున్నాడు. ఆయన పేరు హ్యూగో డి గ్రోట్. లాటిను భాషలో గ్రంథరచన చేసిన కారణమున లోకమునకు గ్రోషియస్. విగ్రహమును 1886లో నిలిపిరి. వెనుక ఆకాశమునంటు కొత్త చర్చి శిఖరము, మైదానమునకు ఆవలి కొసన పురమందిరము. నేను పోయిన దినము గురువారమగుటచే చుట్టును సంత. జున్నుముద్దల కొట్లకును, ఉప్పుచేపల కొట్లకును నడుమ నిలిచిన ఆ మహనీయుని వంక బేరములాడువారెవ్వరును తలయెత్తి చూచుట లేదు. చేపలకొట్టుకడ నిలిచిన న్యాయవాది, చేపలు పట్టు హక్కును గూర్చి ఇంగ్లండు రాజుతో తగవులాడిన తన జాతి పక్షమున మాటలాడినవాడని తెలిసినవారికి మాత్రము ఆ చోటు మిక్కిలి తగినదిగానే తోచును.

హేగు నగరమునుండి డెల్ఫ్టునకు రైలుబండిలో పావుగంట ప్రయాణమే. ఊరంతయు కాలువలు, కాలువల గట్లవెంట లిండెను వృక్షములు, నీటిమీదికి వంగి చూచుచున్నట్లుండు ఇటుక మేడలు. ప్రాతడెల్ఫ్టు అను కాలువ గట్టుననే డచ్చి ఈస్టిండియా కంపెనీ వారి భవనమొకటి నేటికిని నిలిచియున్నది. 1602లో ఏర్పడిన ఆ కంపెనీకి ఆరు శాఖలుండగా అందులో డెల్ఫ్టు ఒకటి. సముద్రమునకు దూరముగానున్న ఈ చిన్న ఊరు, మాసునది యొడ్డున తనకొక రేవును కట్టుకొని, అచ్చటినుండి ఓడలను జావాకును, సింహళమునకును, మన బందరునకును పంపించినది. దుకాణములలో కనబడు నీలిరంగు డెల్ఫ్టు పింగాణి సయితము, చీనానుండి ఓడలలో వచ్చిన పాత్రలను చూచి ఇచ్చటి కుమ్మరులు అనుకరించినదే. ఆ చీనా పాత్రలు మొదట ఈ దేశమునకు మూటలు మూటలుగా వచ్చిపడినది వర్తకము చేత కాదు, ఓడదోపిడి చేత. ఆ దోపిడియే మన వకీలునకు అన్నము పెట్టినది.

గ్రోషియస్ 1583 ఏప్రిలు 10వ తేదీన, ఈస్టరు పండుగనాడు ఈ ఊర జన్మించెను. తండ్రి పురపాలకుడు, పండితుడు, లేడెను విశ్వవిద్యాలయ పాలకవర్గమున సభ్యుడు. కుమారుడు పదునొకటవ యేటనే ఆ విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. పదునైదవ యేట హాలండు రాజ్యతంత్రమునకు కర్ణధారుడైన ఓల్డెన్‌బార్నెవెల్టు వెంట రాయబారమున ఫ్రాన్సునకు పోయి, నాలుగవ హెన్రీ రాజుచేత హాలండు దేశపు అద్భుతమని మెప్పు పొందెనని చెప్పుదురు. ఆ ప్రయాణముననే ఓర్లెయాను విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రమున డాక్టరు పట్టము గ్రహించెను. పదునారేండ్ల ప్రాయమున హేగు నగరమున న్యాయవాదిగా పేరు నమోదు చేయించుకొనెను. మన దేశమున ఆ వయస్సువారు మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండుట యెరుగుదుము. బాలమేధావుల కథలు నాకు సామాన్యముగా రుచింపవు. వారిలో పెక్కండ్రు పెద్దవారైన పిదప సామాన్యులగుదురు. ఇతడు మాత్రము తన బాల్యమునకు ఇచ్చిన మాటను నిలువబెట్టుకొనెను.

ఇక ఆ ఓడ కథ. 1603 ఫిబ్రవరి 25వ తేదీ వేకువజామున, నేటి సింగపూరునకు సమీపమున జోహోరు నదీముఖమున లంగరు వేసియున్న సాంతా కాతరీనా అను పోర్చుగీసు మహానౌకను, యాకబ్ ఫాన్ హేమ్స్‌కెర్కు అను డచ్చి నావికాధిపతి, జోహోరు ప్రభువు సాయమున ముట్టడించి పట్టుకొనెను. అందు చీనాదేశపు పట్టుబేళ్ళు, పింగాణి, కస్తూరి, మరెన్నియో విలువగల సరకులు నిండియుండెను. ఆమ్స్టర్డాములో వేలము వేయగా 30 లక్షల గిల్డర్లకు మించిన సొమ్ము వచ్చినది. కంపెనీ మొదటి మూలధనము 64 లక్షల గిల్డర్లేయైనందున, ఒక్క ఓడతో అందులో సగమువరకు చేతికి వచ్చినట్లాయెను. 1604 సెప్టెంబరులో ఆమ్స్టర్డాము నౌకాన్యాయస్థానము ఆ పట్టుబడి ధర్మసమ్మతమేయని తీర్పు చెప్పెను. అయినను వాటాదారులలో మెన్నోనైటు మతస్థులు కొందరుండిరి. ఆయుధము పట్టుట పాపమని నమ్మువారగుటచే, ఓడను కొట్టి తెచ్చిన ధనము తమకు వలదని వారు మనస్తాపమొందిరి. ఇతరదేశముల రాజులు ఏమందురో యను శంకయు కంపెనీ పెద్దలకు లేకపోలేదు. తీర్పు గెలిచిన పిమ్మట ధర్మముకొరకు వెదకుట కక్షిదారులకు అరుదైన కోరిక. ఆ కోరికను తీర్చుటకై వారు గ్రోషియస్‌ను ఆశ్రయించిరి.

చిన్న కరపత్రమొకటి వ్రాసి యిచ్చిన చాలునని కోరియుందురు. ఆయన రెండేండ్లపాటు కూర్చుండి ఒక మహాగ్రంథమునే వ్రాసెను. ఓడపట్టుబడి ధర్మమును గూర్చిన ఆ గ్రంథమును మాత్రము అచ్చు వేయలేదు. అది ఇంటి కాగితములలో పడియుండి, వంశీయుల చేతులు మారి, 1864లో హేగు నగరమున ఒక వేలముపాటలో బయల్పడి, 1868లో తొలిసారి ముద్రితమాయెను. అందలి పండ్రెండవ అధ్యాయము మాత్రము 1609లో, స్పెయినుతో పండ్రెండేండ్ల సంధి కుదురుచున్న తరుణమున, లేడెనులో కర్త పేరు లేకయే 'మారే లిబెరుం' అను నామముతో, అనగా స్వేచ్ఛాసముద్రమను పేరుతో వెలువడెను. ఒక వకీలు తన వాదపత్రమునుండి ఒక్క భాగమును చించి లోకమునకు విసరగా, నాలుగు శతాబ్దులుగా ప్రపంచ రాజ్యములు ఆ కాగితమునకు ప్రత్యుత్తరములు వ్రాయుచునే యున్నవి.

ఆ వాదమును సంక్షేపముగా చెప్పెదను. పోర్చుగీసువారు తూర్పు సముద్రము తమదని చెప్పుకొనుటకు మూడు ఆధారములు చూపుచుండిరి: తామే ముందుగా ఆ దారి కనుగొంటిమనుట, పోపు తమకు దానము చేసెననుట, తాము చిరకాలముగా అనుభవించుచుంటిమనుట. గ్రోషియస్ మూడింటిని ముక్కలు చేసెను. జావా, సింహళ, మొలక్కా ద్వీపములయందు వేలయేండ్లనుండి ప్రభువులు, ప్రజలు, ధర్మశాసనములు ఉండగా వానిని కనుగొంటిమనుట యేమి? తనది కాని వస్తువును పోపు దానమెట్లు చేయును? అనుభవమందురా, గాలివలె నెవ్వని చేతను చిక్కనిదియు, ఒకడు వాడుకొన్నను మరొకనికి తరుగనిదియు నగు సముద్రమున ఏ యనుభవము హక్కగును? దీనికంతకును ఆయన రోమను ధర్మశాస్త్రమును, కవులను, తత్త్వవేత్తలను సాక్ష్యము పిలిచెను గాని, అందు చతురత యెక్కడనగా, ఎదుటి పక్షమువారి పండితులైన విటోరియా, వాస్కెజ్ అను స్పానిషు ధర్మవేత్తలనే తన బోనునెక్కించెను. ప్రతివాది ఇంటి పురోహితునిచేతనే తన కక్షిదారు పక్షమున సాక్ష్యము చెప్పించిన వకీలు ఆనందము ఎట్టిదో కోర్టులనెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

మదరాసు విశ్వవిద్యాలయమున 1950లలో అంతర్జాతీయ న్యాయము బోధించిన అలెగ్జాండ్రోవిచ్ పండితుడు, గ్రోషియస్ ఈ వాదమునకు కావలసిన సామగ్రిని రోమను గ్రంథములనుండియేగాక, హిందూమహాసముద్రపు రేవులలో అనాదిగా నడచుచుండిన స్వేచ్ఛావాణిజ్యాచారమునుండియు గ్రహించియుండెనని ప్రతిపాదించెను. కంపెనీవారు తూర్పునుండి తెప్పించి యిచ్చిన కాగితములను ముందుంచుకొని గ్రోషియస్ పనిచేసినమాట నిజమే గనుక, ఆ ప్రతిపాదనను నేను తేలికగా త్రోసివేయజాలను. అరబ్బులును, గుజరాతీలును, చీనీయులును, మన తీరపు కోమట్లును, చెట్టీలును ఒకరి నొకరు అడ్డగింపక రేవులలో కలిసి వర్తకము చేసికొనుట, పోర్చుగీసువారు కార్తాజు అను అనుమతిపత్రమును కనిపెట్టి, అది లేని యోడను ముంచుట మొదలిడువరకు ఆ సముద్రమున సామాన్య వ్యవహారముగానే యుండెను.

ఈ వాదమునకు కక్షిదారు ఎంతవరకు కట్టుబడెనో చూడవలెను. మన పెద్దలు ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, దాటిన పిమ్మట బోడి మల్లయ్య యన్నది ఈ కంపెనీని చూచియేనేమో యనిపించును. పోర్చుగీసువారి గుత్తాధిపత్యమును పోగొట్టుటకు సముద్రమందరిదియని వాదించినవారు, మొలక్కా ద్వీపములందు కాలూనినతోడనే లవంగము, జాజికాయ తమకు తప్ప ఒరులకు అమ్మరాదని అచ్చటి ప్రభువులచేత కరారులు వ్రాయించుకొనిరి. 1613లో ఇంగ్లీషువారు ఈ అన్యాయమేమని అడుగగా, సంప్రదింపులకై లండనునకు పోయిన డచ్చి దూతలలో గ్రోషియస్ ఒకడు. ఆంగ్లేయులు బల్లమీద పెట్టిన ఆయుధము మరేమి, 'మారే లిబెరుం'! తాను వ్రాసిన వాక్యములు తన మీదికే తిరిగి రాగా, ఒప్పందములు చేసికొన్న పిమ్మట ఆ ఒప్పందములను పాటింపవలసినదేయని ఆయన బదులు చెప్పెను. ఆ జవాబు చట్టమునకు చాలవచ్చును. నా మనస్సునకు చాలలేదు. తాను పుట్టించిన సత్యమునకే ఎదురుగా నిలిచి వాదింపవలసివచ్చుట వకీలు వృత్తియందలి దుర్గతి; అట్టి దుర్గతి ఇంత బహిరంగముగా మరియొకనికి కలిగినట్లు నేను వినలేదు.

బందరు పేరు తలచితిని గనుక ఇచ్చట ఒక మాట. గ్రోషియస్ తన అచ్చుకాని గ్రంథమును వ్రాయుచుండిన ఆ యేండ్లలోనే, 1605, 1606 ప్రాంతమున, డచ్చివారు గోలకొండ సుల్తాను అనుమతితో మచిలీపట్టణమునను, పెద్దపల్లి యనబడు నిజాంపట్టణమునను వర్తకశాలలు పెట్టిరి. సుగంధద్రవ్యముల దీవులలో వెండి కంటె మన తీరపు అద్దకపు బట్టలకే గిరాకి యుండుటచే, జాజికాయ కావలెనన్నచో ముందు కలంకారీ కావలసియుండెను. గోలకొండ సుల్తాను ఓడలు మచిలీపట్టణమునుండి ఎర్రసముద్రమునకు హజ్జియాత్రికులను, బియ్యమును, బట్టలను మోసికొనిపోవునపుడు పోర్చుగీసువారి కార్తాజు నడుగవలసిన దుస్థితి యుండగా, ఆ దుస్థితిని ఖండించిన గ్రంథమును వ్రాయించిన డచ్చివారే, కొంతకాలమునకు బందరు ఓడలకు తమ అనుమతిపత్రములు లేక ఆచేకి, మలయాకు పోరాదని కట్టడి చేసిరి. బందరు వలందపాలెపు వీధులును, బందరుకోట దాపున చిహ్నములు చెక్కిన డచ్చి సమాధిరాళ్ళును, భీమునిపట్టణపు శ్మశానమును చూచినవారు, డెల్ఫ్టు కాలువ గట్టున ఈ భవనమును చూచునపుడు దూరదేశమునకు వచ్చితిమని యనుకొనజాలరు.

హేగు నగరమున శాంతిసౌధమును దర్శించితిని. ఆండ్రూ కార్నెగీ యిచ్చిన 15 లక్షల డాలర్లతో కట్టిన ఆ ఇటుకల హర్మ్యమును 1913 ఆగస్టు 28వ తేదీన తెరచిరి. గ్రోషియస్ మరణించిన తేదీయు ఆగస్టు 28యే. ఏడాది తిరుగకమునుపే యూరపు ఖండమంతయు యుద్ధాగ్నిలో పడినది. ఈ సౌధమున అంతర్జాతీయ న్యాయస్థానమును, శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానమును కొలువుండును. మన నగేంద్రసింగుగారు, నౌకావాణిజ్య శాఖకు అధిపతిగా పనిచేసి సముద్రన్యాయమున ఉద్గ్రంథములు వ్రాసినవారు, 1985 మొదలు 1988 వరకు ఆ న్యాయస్థానమునకు అధ్యక్షులుగా నుండిరి. వంగసముద్రమున మనకును బంగ్లాదేశమునకును గల హద్దు తగవు కూడ హేగుననే మధ్యవర్తిత్వమునకు వచ్చి, 2014 జులై 7న తీర్పు పొందినది: వివాదపడిన 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశమునకు చెందెను. ఆ పంచాయితీలో ఒకరైన పెమ్మరాజు శ్రీనివాసరావుగారు కొన్ని విషయములందు తోడి మధ్యవర్తులతో విభేదించి తమ అభిప్రాయమును వేరుగ వ్రాసిరి. తనకు వ్యతిరేకముగా వచ్చిన తీర్పును భారతదేశము మారుమాటలేక శిరసావహించినది. ఓడలు తీసికొని పరుగెత్తుటకు మారుగా ఇరుపక్షముల వకీళ్ళు పటములు పరచుకొని కూర్చుండిరన్న సంగతి పత్రికలలో ఒక మూలనే పడిపోయినది. సుఖాంతమైన వ్యాజ్యమునకు వార్తావిలువ తక్కువ.

సముద్రమెంతవరకు స్వేచ్ఛ, ఎచ్చట హద్దు అను ప్రశ్నకు గ్రోషియస్ పరిష్కారము పరిపూర్ణము కాదు. స్కాట్లండు న్యాయవేత్త వెల్వడ్ 1613లో, పోర్చుగీసు సన్న్యాసి ఫ్రెయితస్ 1625లో, ఆంగ్లేయ పండితుడు సెల్డెను 1635లో ప్రతివాద గ్రంథములు ప్రకటించిరి. ఒడ్డుమీది ఫిరంగి గుండు పోయి పడునంతవరకే రాజు అధికారమని 1702లో బింకెర్స్‌హూక్ అను మరియొక డచ్చి న్యాయవేత్త ఒక మార్గము చూపెను. తుదకు 1982లో ఐక్యరాజ్యసమితి సముద్రన్యాయ ఒడంబడిక, తీరమునుండి 12 నాటికల్ మైళ్ళు దేశపు ఏలుబడిలోనిదనియు, 200 మైళ్ళవరకు చేపలు మొదలగు సంపదపై ఆ దేశమునకు ప్రత్యేకహక్కు కలదనియు, ఆవల అందరిదనియు నిర్ణయించెను. మన దేశము 1995లో దానికి సమ్మతి ముద్ర వేసినది. సెల్డెనునకు ఒడ్డు, గ్రోషియస్‌కు నడిసముద్రము దక్కినవనుకొనవచ్చును.

గ్రోషియస్‌ను చెరపెట్టిన లోవెస్టైను కోటకు పోవుటకు రైలు విడిచి, వాలు నదియు మాసు నదియు కలియుచోట బల్లకట్టు ఎక్కవలెను. కోట చిన్నది, చుట్టును అగడ్త, ఆ వెనుక పచ్చిక, ఆ పచ్చికకావల ఎటుచూచినను నీరు. 1618లో మతవివాదమొకటి రాజకీయమై ముదిరినపుడు, దండనాథుడైన మారిస్ యువరాజు తన యెదుటి పక్షమువారిని బంధించి, 1619 మే 13న వృద్ధుడైన ఓల్డెన్‌బార్నెవెల్టును హేగులో శిరశ్ఛేదము చేయించి, ఆయన అనుచరుడైన గ్రోషియస్‌ను యావజ్జీవ కారాగృహమునకు ఇచ్చటికి పంపెను. అప్పటికాయన రోటర్డాము నగరమునకు ప్రధాన న్యాయాధికారి, వయస్సు ముప్పదియారు. ఆ గదిలో నిలిచి చూచితిని: కిటికీకి ఇనుపకమ్ములు, దట్టమైన గోడలు. ఈ గోడల నడుమ ఆయన హాలండు ధర్మశాస్త్రమునకు ప్రవేశిక యొకటి మాతృభాషలో వ్రాసెను; సింహళమునను, దక్షిణాఫ్రికాలోను న్యాయవాదులు దానిని తరతరములు ప్రమాణముగా నుదహరించిరి. దూరసముద్రయానము చేయు నావికులు తీరికవేళ చదువుకొనుటకు మతవిషయకమైన పద్యకావ్యమును వ్రాసెను. సముద్రమును మరువని ఖైదీ.

భార్య మారియా స్వయముగా చెరలో తోడుండెను. చదువుటకు పుస్తకములను పెద్ద పెట్టెలో గోర్కమ్ పట్టణమునుండి తెప్పించుకొనుటకు అనుమతి యుండెను. మొదట ప్రతిసారియు పెట్టె తెరచి చూచిన కావలివారు, పుస్తకములు తప్ప మరేమియు కానరాకపోవుటచే, క్రమముగా చూచుట మానిరి. ఆమె ఆ సంగతి గమనించెను. 1621 మార్చి 22వ తేదీన, కోట అధికారి ఊరలేని సమయమున, భర్తను ఆ పెట్టెలో పడుకొనబెట్టి తాళమువేయించి, దాసి ఎల్స్యెను తోడిచ్చి పడవ నెక్కించెను. పెట్టె బరువెక్కువగానున్నదేమని సైనికులు పరిహాసమాడిరని కథ. గోర్కమ్‌లో ఒక మిత్రుని ఇంట పెట్టె తెరచిన పిదప, తాపీపనివాని వేషమున ఆయన సరిహద్దు దాటి ఆంట్వెర్పునకు, అచ్చటినుండి ప్యారిసునకు పోయెను. ఇంతటి న్యాయశాస్త్రవేత్తకు విడుదల లభించినది ఏ న్యాయసూత్రము చేతను కాదు, ఒక ఇల్లాలి సూక్ష్మబుద్ధి చేతను, ఒక దాసి గుండెదిటవు చేతను. వారిద్దరికిని డెల్ఫ్టు అంగడి మైదానమున చోటు దొరకకుండుట నాకు నచ్చలేదు. పెట్టె మాత్రము బహు గౌరవము పొందినది. ఆమ్స్టర్డాములోను, డెల్ఫ్టులోను రెండు ప్రదర్శనశాలలవారును అసలుపెట్టె తమదేయని చూపుచున్నారు, లోవెస్టైనువారు మూడవ పెట్టెను చూపుచున్నారు.

అదే మార్చి నెలలో భూగోళపు ఆవలి పార్శ్వమున, ఆయన పూర్వ కక్షిదారైన కంపెనీ, కోయెన్ అను అధికారి నాయకత్వమున జాజికాయలు పండు బండా దీవులపై సేనను దింపెను. ఇతరులకు జాజికాయ అమ్మితిరన్న నేరమునకు ఆ ద్వీపవాసులలో పెక్కండ్రు చంపబడిరి, ఆకలితో మడసిరి, దాసులుగా కొనిపోబడిరి. వాదము వ్రాసినవాడు పెట్టెలో దాగి ప్రాణము దక్కించుకొనుచుండగా, వాదము వ్రాయించుకొన్నవారు దాని అర్థమును సమూలముగా పెరికివైచుచుండిరి. డెల్ఫ్టు విగ్రహపు పాదముల చెంత ఈ రెండవ సంగతి కూడ ఒక పలకమీద చెక్కియుండవలసినది.

ప్యారిసులో దారిద్ర్యమున, పదమూడవ లూయీ రాజు ఇచ్చెదనన్న వార్షికము సక్రమముగా అందని దశలో, 1625లో యుద్ధశాంతి ధర్మములను గూర్చిన మహాగ్రంథమును ప్రకటించెను. అంతర్జాతీయ న్యాయమునకు పితయను బిరుదము దానివలన వచ్చినదే. 1631లో స్వదేశమునకు పోగా నిలువనీయలేదు; హాంబర్గు నగరమున రెండేండ్లు కాలము గడిపెను. పిమ్మట స్వీడను దేశమువారు తమ రాయబారిగా ప్యారిసునకు పంపగా పదియేండ్లు ఆ కొలువు చేసెను. 1645లో క్రిస్టీనా రాణి కడకు పోయి సెలవు తీసికొని, స్టాక్‌హోము నుండి ల్యూబెకునకు ఓడనెక్కెను. బాల్టికు సముద్రమున తుఫాను రేగి, ఓడ పొమరేనియా తీరమున ఒడ్డునకు కొట్టుకొనిపోయెను. అరువదిరెండేండ్ల ముసలివాడు, వానలో తడియుచు, పైకప్పులేని బండిలో రోస్టాకు చేరి, రెండు దినములలో ప్రాణము విడిచెను. సముద్రము ఎవ్వరి ఆజ్ఞకును లోబడదని ఆయన వ్రాసిన మాటను సముద్రమే ఇట్లు రుజువు పరచెను. శరీరమును డెల్ఫ్టునకు తెచ్చి కొత్త చర్చిలో పాతిపెట్టిరి. ఆ చర్చిలోనే రాజవంశీయుల గోరీ కలదు. అందు మారిస్ యువరాజు నిదురించుచున్నాడు. చెరపెట్టినవానికిని చెరపడినవానికిని ఒకే కప్పు. 1899లో హేగు శాంతిసభకు వచ్చిన అమెరికా ప్రతినిధులు వెండిహారము వేసినది మాత్రము చెరపడినవాని సమాధిమీదనే.

హాంబర్గులో గ్రోషియస్ జాడ వెదకుటకంటె నాకు ఎక్కువ కుతూహలము కలిగించినది, నగరమునకు పడమట ఎల్బే నది యొడ్డున నియెన్‌స్టెడ్టెను అను శాంతమైన పేటలో, ఓక్ చెట్లుగల యొక తోటలో వెలసిన అంతర్జాతీయ సముద్రన్యాయ ట్రైబ్యునలు. ఇరువదియొక్క న్యాయమూర్తులు, 1982 ఒడంబడికయే దాని పుట్టుక. 1997లో వచ్చిన మొదటి వ్యాజ్యమున, గినీ దేశమువారు పట్టుకొన్న సాయిగా అను చమురు ఓడను, 4 లక్షల డాలర్ల హామీ తీసికొని నావికులతో సహా విడిచిపెట్టవలెనని నెలతిరుగకమునుపే అది తీర్పు చెప్పెను. సాంతా కాతరీనా పట్టుబడిన నాటికిని ఈనాటికిని ఎంత దూరమో ఆ ఒక్క తీర్పు చెప్పును. ప్రారంభమునుండి 2017 వరకు ఈ ట్రైబ్యునలున న్యాయమూర్తిగానుండి, 1999 మొదలు 2002 వరకు అధ్యక్షపీఠమునలంకరించినవారు పాటిబండ్ల చంద్రశేఖరరావుగారు. 1936లో అప్పటి కృష్ణాజిల్లా వీరులపాడున జన్మించి, భారత ప్రభుత్వ న్యాయశాఖా కార్యదర్శిగా పనిచేసి, ఈ పీఠమునకు వచ్చిరి. 2000 జులైలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నాను ఈ భవనమును ప్రారంభించినపుడు అధ్యక్షులు వారే. 2018లో హైదరాబాదున స్వర్గస్థులైరి. వీరులపాడున సముద్రము లేదు. సముద్రన్యాయమునకు సముద్రము చూచియుండవలెనను నియమము లేదు. గ్రోషియస్ సయితము తాను వాదించిన తూర్పు సముద్రమును కన్నులార చూచియెరుగడు.

ఆ తోటలో ఒక బల్లమీద కూర్చుండి ఎల్బేమీద పోవు సరకుల ఓడలను చూచుచుండగా నాకు మోటుపల్లి జ్ఞప్తికి వచ్చినది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244-45లో ఆ రేవున వీరభద్రాలయ మంటపపు స్తంభముమీద చెక్కించిన అభయశాసనమును గూర్చి మనలో చరిత్ర చదివినవారు విన్నదే. తుఫానునకు లోబడి, పగిలి, ఒడ్డునపడిన పరదేశీయుల ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుర్రములను, రత్నములను పూర్వరాజులు బలిమిచే గైకొనుచుండిరనియు, తాము దయచేతను, కీర్తికొరకును, ధర్మముకొరకును నియమితమైన సుంకము తప్ప మిగిలినదంతయు విడిచితిమనియు, సరకు రాకపోకలపై ముప్పదింట ఒక్కవంతే సుంకమనియు అందలి సారాంశము. ఓడ పగిలినవాని సొత్తును రాజు లాగికొనుట అన్యాయమని గ్రోషియస్ 1625 నాటి తన గ్రంథమున వ్రాసెను. మోటుపల్లి శిల అంతకు ముమ్మారు నూరేండ్లకు పైగా ముందుగానే ఆ మాటను చట్టముగా చేసి చూపెను. ఇద్దరిని పోల్చి ఎవరు గొప్పయని తగవు పెట్టుకొనుట నా ఉద్దేశము కాదు. గణపతిదేవుడు వర్తకుల రాకచే లాభము పొందు రాజు, గ్రోషియస్ వర్తకులచే సొమ్ము పుచ్చుకొన్న వకీలు. ఇరువురి యందును స్వార్థము కలదు, ఇరువురి మాటయు ఆ స్వార్థమును దాటిపోయినది.

విశాఖపట్టణమునను, కాకినాడలోను, కృష్ణపట్టణమునను ఓడలు నానాటికి పెద్దవగుచున్నవి. వాని సరకు బాడుగ, బీమా, ఢీకొట్టుడు వ్యాజ్యములకు మన తీరమున వకీళ్ళు చాలనంతగా కావలెను. విశాఖలో దామోదరం సంజీవయ్య పేర జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమే యున్నది. అచ్చటి ఆచార్యులును విద్యార్థులును ఏడాదికొక్కసారియైన మోటుపల్లికి పోయి ఆ స్తంభమును చదివి, 'మారే లిబెరుం'ను దాని ప్రక్కనుంచి పాఠము చెప్పుకొనవలెననియు, చంద్రశేఖరరావుగారి జీవితచరిత్రను వారిని దగ్గరగా నెరిగినవారెవరైనను తెలుగున వ్రాయవలెననియు నా మనవి.